తాళి, పందిరి లేకుండా కలిసి బతకాలంటే: నెల్లూరు, ప్రకాశం జంటలకి కాగితాల దారి

మా షాపు రిజిస్టర్ ఆఫీసుకి ఎదురుగా ఉంటది. ఊరి పేరు చెప్పను, నెల్లూరు జిల్లాలోనే అనుకోండి. పదమూడేళ్ళుగా అమ్మకం దస్తావేజులు, గిఫ్టులు, వీలునామాలు, ఈసీలు (ఆస్తి ఎవురెవురి చేతులు మారిందో, తాకట్టు ఉందో చెప్పే కాగితాలు), ఇదే నా పని. లాయర్ని కాదు. కానీ పొద్దున పదింటికి టీ తాగతా కూచుంటే ఒక పిల్లా ఒక పిల్లోడూ రోడ్డుకి అటుపక్క పావుగంట నిలబడి, తెలిసినోళ్ళు ఎవరూ లేరని చూసుకుని, లోపలికొచ్చి "అన్నా, మ్యారేజ్ రిజిస్ట్రేషన్..." అని సగంలో ఆపేస్తారు చూడండి, ఆ మిగతా సగం నోటితో చెప్పీ చెప్పీ అలిసిపోయి ఇప్పుడు రాస్తుండా.

ఒక సంగతి ముందే అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలిక. పెళ్ళి అంటే చట్టం బోలెడు హక్కులు ఒకే మూటగా కట్టి చేతిలో పెట్టటం. వారసత్వం, పెన్షను, ఆస్పత్రిలో సంతకం, పిల్లల పేరు, భరణం అన్నీ అందులోనే ఉంటాయి. పెళ్ళి వద్దనుకుంటే ఎవురూ జైల్లో వెయ్యరు గానీ ఆ మూట రాదు, అందులో ఉండే సామాను ఒక్కోటి విడిగా తెచ్చుకోవాల, కొన్నయితే ఎంత తిరిగినా దొరకవు.

మొదట మీరు ఏ లైన్లో ఉన్నారో తేల్చుకోండి

నా దగ్గిరకొచ్చే జంటలు నాలుగు రకాలు. పెళ్ళి కావాల గానీ పంతులు, పందిరి, కట్నం, మతం మార్చుకోడం వద్దు అనేవాళ్ళు ఒక రకం. గుళ్ళోనో స్టేజీ మీద దండలతోనో ఏదో ఒక తంతు అయిపోయింది, ఇప్పుడు కాగితం కావాల అనేవాళ్ళు రెండో రకం. పెళ్ళే వద్దు, కలిసుంటాం అనేవాళ్ళు మూడు. చట్టమే పెళ్ళి చేసుకోనివ్వని వాళ్ళు, అంటే ఇద్దరు ఆడోళ్ళు లేదా ఇద్దరు మగోళ్ళు, నాలుగు. వీళ్ళలో ఒకరి దారి ఇంకొకరికి పనికిరాదు, యూట్యూబులో చూసినదాన్ని పట్టుకుని రావడం వల్లే సగం మంది తిప్పలు పడతారు.

వయసు సంగతి మాత్రం ముందే. పెళ్ళికి అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాల. అమ్మాయికి గూడా 21 చేస్తామని 2021లో బిల్లు పెట్టారు, అది పాస్ కాకుండానే ఆ లోక్‌సభ అయిపోయింది, కాబట్టి 18 అలానే ఉండాది. 18 లోపు పిల్ల అయితే మా షాపు మెట్లు గూడా ఎక్కొద్దు, అది పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం), పిల్ల ఇష్టపడే వచ్చిందన్నా కోర్టు వినదు. ఇద్దరికీ 18 దాటి అబ్బాయికి ఇంకా 21 రాకపోతే పెళ్ళి కుదరదు, కానీ మేజర్లు కాబట్టి కలిసి ఉండొచ్చు, 2018లో నందకుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది.

తంతు లేని పెళ్ళి: 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్ట్

నన్నడిగితే నూటికి ఎనభై మందికి ఇదే సరైన దారి. హిందూ, ముస్లిం, క్రిస్టియన్, ఏ మతం లేనోళ్ళు, ఎవురైనా ఎవుర్నైనా చేసుకోవచ్చు, ఎవురూ మతం మారక్కర్లా. ప్రతేడూ నెల్లూరు స్వర్ణాల చెరువు కాడ దర్గాలో జరిగే రొట్టెల పండగలో పెళ్ళి రొట్టె పట్టుకున్న హిందూ పిల్లోడు, ముస్లిం పిల్ల ఒకసారి సరాసరి దర్గా నించి మా షాపుకి వచ్చారు, రొట్టె బాగానే పట్టుకున్నారు గానీ నోటీసు సంగతే వాళ్ళకి తెలీదు, ఆరోజే సర్టిఫికెట్ ఇచ్చేస్తారనుకున్నారు. ఇయ్యరు. నెలా పైన పడతాది. ఎట్టా జరుగుద్దో చెప్తా.

ఇద్దర్లో ఒకరైనా నోటీసు ఇచ్చే నాటికి ఆ జిల్లాలో కనీసం 30 రోజులు కాపురం ఉండాల. ఇక్కడ మనోళ్ళు తప్పు చేసేది జిల్లా దగ్గర. 2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు ప్రకాశం నించి నెల్లూరులోకి వచ్చింది, సూళ్ళూరుపేట, నాయుడుపేట తిరుపతి జిల్లాకి పోయినాయి. హద్దులు అప్పుడప్పుడూ కదులుతానే ఉంటాయి, కాబట్టి ఆధార్లో ఉన్న పాత జిల్లా పేరు చూసి కాకుండా ఇయ్యాళ మీ ఊరు ఎందులో ఉందో కనుక్కుని ఆ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకే పోండి. సొంతూర్లో భయం అనుకుంటే ఒంగోల్లోనో నెల్లూర్లోనో హైదరాబాదులోనో నెల రోజులు ముందే రూము తీసుకుని రెంటల్ అగ్రిమెంట్ రాయించుకుని అక్కడ నోటీసు ఇయ్యొచ్చు, చట్టం అడిగేది జిల్లాలో 30 రోజులు, సొంతూరా కాదా అని కాదు.

కాగితాలు: టెన్త్ సర్టిఫికెట్ వయసుకి, ఆధార్, అడ్రస్ ప్రూఫ్, ఫోటోలు, నాకు వేరే భర్త లేదా భార్య లేరని అఫిడవిట్. ఇంతకుముందు పెళ్ళయ్యుంటే విడాకుల డిక్రీ కాపీ, చనిపోయుంటే డెత్ సర్టిఫికెట్. విడాకులు నిన్నగాక మొన్న వచ్చుంటే అప్పీలు గడువు అయిపోయేదాకా ఆగండి, తొందరపడి చేసుకుంటే ఆ పెళ్ళికే ఎసరు.

నోటీసు ఫారం మీద ఇద్దరూ సంతకం పెట్టి ఇస్తారు. ఆఫీసరు దాన్ని నోటీసు పుస్తకంలో ఎక్కిస్తాడు, ఒక కాపీ ఆఫీసులో నలుగురికీ కనపడేచోట అంటిస్తాడు. ఒకరి శాశ్వత అడ్రస్ వేరే జిల్లా అయితే అక్కడి ఆఫీసుకీ ఒక కాపీ పోద్ది, అది అక్కడ గూడా అంటిస్తారు. ఇంటికి లెటర్ పంపమని చట్టంలో ఎక్కడా లేదు, అట్టా ఎవరైనా పంపుతామంటే గట్టిగా అడగండి.

ఇక్కడే అసలు గుండె దడ. నోటీసు బోర్డు అంటే మీరు పెద్దగా ఊహించుకోమాకండి, అద్దం పగిలి, చిన్న తుప్పు తాళం వేసుండే చెక్క పెట్టె, పాత వేలం నోటీసులు, దాని పక్కన ఈ జంట ఫోటోలు. ఎవురూ చూడరు. చూడకూడని మనిషే చూస్తాడు. ఒకసారి పొలం ఈసీ కోసం వచ్చిన పెద్దాయన వరండాలో బీడీ వెలిగించుకుంటా బోర్డు వైపు చూసి బీడీ కిందేశాడు, ఫోటోలో ఉన్నది ఆయన చెల్లెలి కూతురు. గంటలో రెండు బండ్ల మీద ఆరుగురు వచ్చారు. పెద్దాయన తెల్లకాగితం మీద అభ్యంతరం రాసిచ్చాడు, "మాకు ఇష్టం లేదు, కులం వేరు" అని. ఆఫీసరు చదివి పక్కన పెట్టి, పెద్దాయనా కులం కారణం కాదయ్యా అన్నాడు. 30 రోజుల్లో ఎవురైనా అభ్యంతరం పెట్టొచ్చు, నిజమే, కానీ కారణాలు నాలుగో సెక్షన్లో ఉండేవే: ఒకరికి ఇప్పటికే పెళ్ళయి భార్యో భర్తో బతికుండటం, వయసు చాలకపోవటం, మతిస్థిమితం లేక సమ్మతి ఇయ్యలేకపోవటం, వరస కుదరకపోవటం. ఇయ్యి కాక వేరే ఏదైనా ఆఫీసరు పట్టించుకోనక్కర్లా. అభ్యంతరం వస్తే 30 రోజుల్లో విచారణ చేసి తేల్చాల, ఆఫీసరు ఆ అభ్యంతరాన్ని ఒప్పుకుంటే మీరు 30 రోజుల్లో జిల్లా కోర్టుకి అప్పీలు పోవచ్చు, కావాలని పెట్టిన అభ్యంతరం అయితే పెట్టినోడి మీద వెయ్యి రూపాయల దాకా ఖర్చులు వెయ్యొచ్చు. వెయ్యి అంటే 1954 నాటి వెయ్యి లెండి.

అలహాబాద్ హైకోర్టు 2021లో నోటీసు అంటించడం జంట ఇష్టమే అని తీర్పిచ్చింది, దాన్ని ఫోన్లో చూపించి "మాకు అంటించొద్దు" అంటారు. అది ఆ రాష్ట్రం తీర్పు, మన ఆఫీసుల్లో అంటిస్తారు. అంటిస్తారనే లెక్కలోనే ప్లాన్ చేసుకోండి.

30 రోజులు అయిపోయాక, నోటీసు ఇచ్చిన తేదీ నించి 3 నెలలు దాటకముందే పెళ్ళి అయిపోవాల, దాటితే మళ్ళా మొదటి నించి. ఆరోజు ముగ్గురు సాక్షులు కావాల, ఆధార్ కార్డులతో. ఫ్రెండ్స్ చాలు, చుట్టాలే రావాలని లేదు. ఇద్దరూ డిక్లరేషన్ సంతకం పెట్టి, ఆఫీసరు ముందు, సాక్షుల ముందు "నిన్ను నా చట్టబద్ధమైన భార్యగా స్వీకరిస్తుండా", "నిన్ను నా చట్టబద్ధమైన భర్తగా స్వీకరిస్తుండా" అని ఒకరికొకరు పైకి చెప్పాల, మీకు అర్థమయ్యే భాషలో. ఈ ఒక్క వాక్యం చెప్పలేక తడబడి నవ్వేసినోళ్ళు, ఏడ్చినోళ్ళు, అందరూ నాకు తెలుసు, పేష్కారు గుమస్తా గూడా ఆ నిముషం స్టాంపు కొట్టకుండా ఆగతాడు. దండలు మార్చుకుంటే మీ ఇష్టం, చట్టానికి అక్కర్లా. తర్వాత పుస్తకంలో సంతకాలు, సర్టిఫికెట్. ప్రభుత్వ ఫీజు చిన్నదే, ఖర్చంతా పైపై తిరుగుడికే.

మనవైపు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది మేనరికం. మేనత్త కొడుకు, మేనమామ కూతురు మనకి పుట్టినప్పటి నించీ వరస, కానీ ఈ చట్టం వెనకాల ఉండే నిషిద్ధ వరసల జాబితాలో మేనమామ కూతురు, మేనత్త కూతురు గూడా ఉండారు. ఆచారం ఉంటే మినహాయింపు ఉంది, అయితే ఆ ఆచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గెజిట్లో చెప్పుండాల. అందుకని మేనరికం జంట అయితే ఈ దారి ఎందుకు, గుళ్ళో తాళి కట్టుకుని హిందూ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్టర్ చేయించుకోండి, అక్కడ ఆచారం సరిపోద్ది.

ఆస్తి గురించి ఇంకో భయం. ఇద్దరూ హిందువులే అయితే స్పెషల్ యాక్ట్ కింద చేసుకున్నా వారసత్వం హిందూ చట్టం ప్రకారమే, 1976లో 21ఏ సెక్షన్ పెట్టింది ఇందుకే. ఒకరు హిందూ, ఒకరు వేరే మతం అయితే ఆ హిందువు ఉమ్మడి కుటుంబం నించి వేరుపడినట్టు లెక్క, పోయేది కలిసుండటమే, వాటా పోదు. "ఆ పిల్లని చేసుకుంటే పొలంలో సెంటు గూడా రాదు" అని పెద్దోళ్ళు బెదిరించేది నాన్న స్వార్జితం వరకే నిజం కావొచ్చు, దానికి ఆయన వీలునామా రాసెయ్యగలడు, ఉమ్మడి ఆస్తిలో వాటాకి అది చెల్లదు.

తంతు అయిపోయింది, కాగితం లేదు

పెంచలకోనలోనో మాలకొండలోనో తాళి కట్టించుకుని వచ్చినోళ్ళకి పెద్ద పనేం లేదు. ఇద్దరూ హిందువులయితే అది హిందూ పెళ్ళే, ఇద్దర్లో ఒకరి ఆచారం ప్రకారం జరిగుంటే చాలు. గుడి రశీదు, ఫోటోలు, సాక్షులు పెట్టుకుని రిజిస్టర్ చేయించుకోండి. రాష్ట్రంలో 2002 నించీ పెళ్ళి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తా చట్టం ఉంది, అయినా వీసాకో పాస్‌పోర్టుకో పోతే తప్ప ఎవురికీ గుర్తు రాదు.

దండల పెళ్ళి మాత్రం వేరు కథ. కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య గారు పుట్టిన అలగానిపాడు మన జిల్లాలోదే, కమ్యూనిస్టు ఇళ్ళల్లో స్టేజీ మీద దండలు మార్చుకుని, నాలుగు ఉపన్యాసాలు ఇచ్చి ఆదర్శ వివాహం అన్నోళ్ళు ఇక్కడ తరతరాలుగా ఉండారు. పక్కన తమిళనాడులో 1967లో హిందూ మ్యారేజ్ యాక్టుకి 7ఏ కలిపారు, అక్కడ పంతులు లేకుండా దండలైనా ఉంగరాలైనా మార్చుకుంటే పెళ్ళే. బోర్డరు దాటి ఇటొస్తే ఆ సెక్షన్ లేదు. కాబట్టి దండల పెళ్ళి చేసుకున్నోళ్ళు దాన్ని స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ 15వ సెక్షన్ కింద రిజిస్టర్ చేయించుకోండి, అప్పటి నించీ భార్యాభర్తల్లాగా కలిసుండాల, రిజిస్టర్ చేసే నాటికి ఇద్దరికీ 21 నిండాల, ఇక్కడ గూడా జిల్లాలో 30 రోజుల నివాసం, 30 రోజుల నోటీసు ఉంటాయి. లేదా స్టేజీ ముహూర్తానికి నెల ముందే నోటీసు ఇచ్చేసి పొద్దున ఆఫీసు, సాయంత్రం స్టేజీ పెట్టుకోండి, నేను చూసినంతలో తెలివైనోళ్ళు చేసేది ఇదే.

అసలు తంతే జరక్కుండా సర్టిఫికెట్ మాత్రం తెచ్చుకుంటే? 2024 ఏప్రిల్లో ఇద్దరు పైలట్ల కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, హిందూ చట్టం కింద తంతు లేకుండా రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే ఉంటే అది పెళ్ళి కాదు. ఇంక నోటరీ పెళ్ళి. వంద రూపాయల స్టాంపు పేపరు మీద "మేము ఇష్టపూర్వకంగా భార్యాభర్తలమయినాము" అని టైప్ చేసి నోటరీ సీలు కొట్టిచ్చుకుని లామినేషన్ చేయించుకుని పర్సులో పెట్టుకు తిరుగుతారు, దాని విలువ లామినేషన్ ఖర్చు అంత. నోటరీలు పెళ్ళి పత్రాలు, విడాకుల పత్రాలు చెయ్యకూడదని 2024 అక్టోబరులో కేంద్ర న్యాయశాఖ గట్టిగా రాసింది గూడా. నా దగ్గిర టైప్ చెయ్యమని అడిగితే చెయ్యను, పక్క షాపులో చేయించుకున్నా వద్దనే చెప్తా.

పెళ్ళే వద్దు, కలిసుంటాం

ఇది నేరం కాదు. 2006లో లతా సింగ్ కేసులో, 2010లో ఖుష్బూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, మేజర్లు ఇష్టపడి కలిసుంటే ఎవురూ ఏమీ చెయ్యలేరు. వాట్సాప్‌లో "లివ్-ఇన్ రిజిస్టర్ చెయ్యకపోతే జైలు" అని తిరిగే వీడియో ఉత్తరాఖండ్‌ది, అక్కడ 2025 జనవరి 27 నించి ఉమ్మడి పౌరస్మృతి అమల్లోకొచ్చింది, మన రాష్ట్రంలో అట్టాంటి రిజిస్ట్రేషనే లేదు. లివ్-ఇన్ సర్టిఫికెట్ ఇప్పిస్తానని ఎవురైనా డబ్బులు అడిగితే మోసం అని అర్థం చేసుకోండి.

చట్టం గుర్తించేది ఒక్కచోట బాగా గుర్తిస్తాది, 2005 గృహహింస చట్టంలో. "పెళ్ళిలాంటి సంబంధం" అనే మాట అందులో ఉంది. ఆ మాటకి 2010లో వేలుసామి కేసులో కొలతలు పెట్టారు: నలుగురిలో ఆలుమగల్లాగా తిరగాల, పెళ్ళి వయసు ఉండాల, ఇద్దరికీ వేరే పెళ్ళి అయ్యుండకూడదు, తగినంత కాలం ఒకే ఇంట్లో ఉండాల. వారానికోసారి కలవటం దీంట్లోకి రాదు. ఈ కొలతల్లో పడితే ఆడమనిషికి ఇంట్లో ఉండే హక్కు, రక్షణ, డబ్బు అడిగే హక్కు వస్తాయి. పెళ్ళయిన మగోడితో ఆ సంగతి తెలిసే కలిసున్నామెకి 2013లో ఇంద్రా శర్మ కేసులో ఇయ్యలా. అందుకే "మా ఆవిడతో విడాకులు అయిపోతాయి, ఈలోపు కలిసుందాం" అనే పెద్దమనిషి ఉంటే డిక్రీ కాపీ కంటితో చూశాకే సామాను సర్దుకోండి.

అబ్బాయిలకి ఒక మాట. 2024 జులై 1 నించి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 69వ సెక్షన్ ఉంది, చేసుకునే ఉద్దేశం లేకుండా పెళ్ళి చేసుకుంటానని నమ్మించి శారీరక సంబంధం పెట్టుకుంటే పదేళ్ళ దాకా శిక్ష. పెళ్ళి వద్దనుకునే కలిసుంటే ఆ మాట మొదట్లోనే ఇద్దరూ తేట తెల్లంగా అనుకోండి, వీలైతే మెసేజ్‌లో అయినా ఉండనీండి.

మూటలో సామాను ఒక్కోటి తెచ్చుకోడం

ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లూ రాయించండి. భార్యాభర్తలం అని అబద్ధం రాయమాకండి, తర్వాత అదే మెడకి చుట్టుకుంటది. కొన్ని వీధుల్లో ఇల్లు దొరకదు, నిజం, నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఓనరు కాదంటే ఇంకో ఓనరు ఉంటాడు.

స్థలం కొనేటప్పుడు ఇద్దరి పేరు మీదా కొనండి, ఎవురి వాటా ఎంతో, డబ్బు ఎవురి ఖాతాలోంచి ఎంత పోయిందో చెక్కు నంబర్లతో సహా దస్తావేజులోనే రాయించండి. నా పదమూడేళ్ళలో నేను చూసిన పెద్ద గోతి ఇక్కడే ఉండాది. మొగుడు డబ్బు పెట్టి పెళ్ళాం పేరు మీద కొంటే బినామీ చట్టంలో మినహాయింపు ఉంది. పెళ్ళి లేని జంటకి ఆ మినహాయింపు లేదు. ఒకరు డబ్బంతా కట్టి ఇంకొకరి పేరు మీద పెట్టారంటే రేపు విడిపోయినప్పుడు "నాది" అనే నోరు గూడా ఉండదు, పైగా బినామీ అనే ప్రశ్న వస్తాది. గిఫ్ట్ రాద్దామంటే కుటుంబ సభ్యులకి ఉండే స్టాంప్ డ్యూటీ తగ్గింపు రాదు, విలువ 50,000 దాటితే తీసుకునేవాళ్ళకి మొత్తం విలువ మీద ఆదాయపన్ను పడుద్ది, పెళ్ళాం మొగుడు మధ్య అయితే ఆ పన్ను లేదు.

బ్యాంకు ఖాతా ఇద్దరి పేరు మీద తీసుకోవచ్చు, ఎవరో ఒకరు లేదా బతికున్నవారు అనే పద్ధతిలో. నామినీగా గూడా పెట్టొచ్చు. కానీ నామినీ అంటే డబ్బు తీసుకుని అసలు వారసులకి అప్పజెప్పే మనిషే, సొంతదారు కాదు, 1984లో సర్బతీ దేవి కేసు నించీ ఇదే మాట. ఇన్సూరెన్స్‌లో డబ్బు తనదే అయ్యే నామినీ తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు వరకే. పీఎఫ్‌లో అయితే కుటుంబం ఉన్నోడు కుటుంబంలోని మనిషినే పెట్టాల.

అందుకే వీలునామా. దాన్ని మించింది లేదు, ఎవురూ రాయించుకోరు. పెళ్ళి లేకపోతే మీ జతమనిషికి మీ వారసత్వంలో పైసా రాదు, పదేళ్ళు కలిసున్నా అంతా అమ్మానాన్నలకో అన్నదమ్ములకో పోద్ది. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లా, తెల్లకాగితం చాలు, మీరు సంతకం పెట్టేది చూసిన ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాల. ఆస్తి రాయించుకునే మనిషి సాక్షిగా ఉండకూడదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి, అన్నదమ్ములు రేపు "ఇది దొంగ సంతకం" అనకుండా. సాక్షులు మీకన్నా వయసులో చిన్నోళ్ళయితే మేలు, ఎందుకో మీకే తెలుస్తాది. ఉమ్మడి ఆస్తిలో మీ వాటా వరకూ వీలునామా రాయొచ్చు. ముస్లింలయితే వారసులు ఒప్పుకోకపోతే మూడో వంతు వరకే చెల్లుద్ది.

ఆస్పత్రి సంగతి ఒకటి చెప్తా. కావలి దాటాక హైవే మీద బండి జారి మా ఫ్రెండుకి తలకి దెబ్బ తగిలింది, ఏడేళ్ళుగా కలిసుండే అమ్మాయి పక్కనే ఉంది. ఆపరేషన్ కాగితం మీద "పేషెంటుకి మీరేమవుతారు" అనే గడి ఉంటాది. పెన్ను పట్టుకుని ఆ పిల్ల ఆ గడి దగ్గిర ఆగిపోయింది. నర్సు ఇంకోసారి అడిగింది. చివరికి కనిగిరి నించి వాళ్ళన్న వచ్చేదాకా, మూడు గంటలు, కుర్చీలో. వాళ్ళన్నకి తమ్ముడి రక్తం గ్రూపు గూడా తెలీదు. ప్రాణం మీదికొస్తే సమ్మతి లేకపోయినా డాక్టర్లు చెయ్యొచ్చు, మిగతా వాటికి రక్తసంబంధమే అడుగుతారు.

దానికి పూర్తి మందు లేదు, కొంత ఉంది. వెంటిలేటరు లాంటివి వద్దో కావాలో ముందే రాసిపెట్టే పత్రం సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023 జనవరిలో తేలిక చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు చాలు. నా తరపున నిర్ణయం తీసుకునేది ఫలానా మనిషి అని అందులో పేరు రాయొచ్చు. దాంతో పాటు మామూలు చికిత్స గురించి డాక్టర్లు ఈ మనిషితో మాట్లాడొచ్చు అని విడిగా ఒక లెటరు రాసి సంతకం పెట్టుకోండి. ఆ లెటరు చూసి ఆస్పత్రివాళ్ళు ఒప్పుకుని తీరాలని లేదు, కానీ చేతిలో కాగితం ఉంటే కౌంటర్లో మనిషి మాట మారుద్ది. వాళ్ళిద్దరూ తర్వాత నా దగ్గిరే రాయించుకున్నారు, డబ్బులు తీసుకోలా.

పిల్లలు పుడితే 21 రోజుల్లో జనన నమోదు, ఇద్దరి పేర్లతో. తండ్రి పేరు రాయించడం ఇష్టం లేని తల్లి ఒక్కతే గూడా అఫిడవిట్‌తో బర్త్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు, 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్ళి ఉన్నా లేకపోయినా పిల్లల భరణం తండ్రి ఇయ్యాల్సిందే. చాలాకాలం కలిసున్న జంటని కోర్టు భార్యాభర్తలనే అనుకుంటాది, కాదనేవాడే నిరూపించాల, 2022లో కేరళ నించి వచ్చిన కేసులో తండ్రి ఆస్తిలో కొడుక్కి వాటా అట్టానే వచ్చింది. కాకపోతే అది ఏళ్ళ తరబడి కోర్టుల్లో తిరిగాక. దత్తత మాత్రం కలిసుండే జంటకి జంటగా ఇయ్యరు, రెండేళ్ళ స్థిరమైన పెళ్ళి అడుగుతారు, నిజంగా ఒంటరిగా బతికేవాళ్ళే ఒక్కరుగా అప్లై చేసుకోవచ్చు, అందులో ఒంటరి మగోడికి ఆడపిల్లని ఇయ్యరు.

చట్టం పెళ్ళి చెయ్యనివ్వని జంటలు

ఇద్దరు ఆడోళ్ళో ఇద్దరు మగోళ్ళో జతగా ఉండటం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది, 2023 అక్టోబర్ 17న పెళ్ళి హక్కు మాత్రం లేదంది, పార్లమెంటు చూసుకోవాల అంది. అదే తీర్పులో ట్రాన్స్ మనిషి ఆడమగ సంబంధంలో ఉంటే ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్ళి చేసుకోవచ్చని ఉంది, 2025లో మన ఏపీ హైకోర్టు గూడా ట్రాన్స్ మహిళని మహిళ కాదనలేమని చెప్పింది. జాయింట్ ఖాతాకి, నామినీ పెట్టడానికి అడ్డేం లేదని కేంద్రం 2024 ఆగస్టులో బ్యాంకుల విషయంలో తేల్చింది, మేనేజరు తెలీదంటే ఆ సర్క్యులర్ ప్రింటు తీసుకుపోండి. మిగతాదంతా పైన చెప్పిన వీలునామా, ఉమ్మడి దస్తావేజు, ఆస్పత్రి లెటరే. వీళ్ళకి అవి మిగతావాళ్ళకన్నా పదింతలు అవసరం, నా దగ్గిరకి వచ్చింది పదమూడేళ్ళలో ఇద్దరే.

ఇంట్లోవాళ్ళు బండేసుకుని బయల్దేరితే

ముందు మిస్సింగ్ కేసు పెడతారు, లేకపోతే కిడ్నాప్. దాక్కోమాకండి. ఇద్దరూ టెన్త్ సర్టిఫికెట్లు పట్టుకుని, వీలైతే లాయరుతో, స్టేషన్‌కి పోయి మేము మేజర్లం, ఇష్టపడే ఉన్నాం అని రాసిచ్చి రశీదు తీసుకోండి. లోకల్ స్టేషన్లో కులం చూసి మాట్లాడతారనిపిస్తే సరాసరి నెల్లూరు లేదా ఒంగోలు ఎస్పీ ఆఫీసుకి. 2018లో శక్తి వాహిని కేసులో ఇట్టాంటి జంటలకి రక్షణ ఇయ్యటానికి ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్ పెట్టమన్నారు, ఆ కేసు పేరు అర్జీలో రాయండి, చదివే ఆఫీసరు ఒక నిముషం ఆగి చదువుతాడు. అక్కడా పని జరక్కపోతే హైకోర్టులో రక్షణ పిటిషన్. లాయరుకి డబ్బు లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటాది, ఆడోళ్ళకి ఆదాయం ఎంతన్నా ఉచితమే, ఫోన్ నంబరు 15100. ప్రమాదం అనిపిస్తే 112, ఆడోళ్ళకి 181.

ఇల్లు వదిలొచ్చేటప్పుడు బంగారం తెచ్చుకోమాకండి, అమ్మ గొలుసు గూడా. దొంగతనం కేసు పెట్టటానికి అదొక్కటి చాలు. తెచ్చుకోవాల్సింది టెన్త్ సర్టిఫికెట్, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, అదీ ఒరిజినల్స్. నూటికి తొంభై మంది బట్టల బ్యాగుతో వస్తారు, సర్టిఫికెట్లు నాన్న బీరువాలో ఉండిపోతాయి, అప్పుడు డూప్లికేట్ కోసం బోర్డుకి అప్లై చేసి, అది వచ్చేదాకా నోటీసు ఆగి, ఈలోపు 30 రోజులు కాస్తా మూడు నెలలవుద్ది. ఒకమ్మాయి మాత్రం ఆరు నెలల ముందు నించే కాలేజీలో అడిగారని చెప్పి ఒక్కో కాగితం బయటికి తెచ్చి మా షాపులో దాచిపెట్టుకుంది, ఎర్ర రిబ్బను కట్టిన ఆ ఫైలు నోటీసు ఇచ్చిన రోజే తిరిగిచ్చా.